ఆర్‌ఎక్స్ 100 అని అమ్ముతా ఉండారు, తోలితే ఐదు గేర్లు పడతా ఉండాయి. ఇది అసలు ఏ మోడల్, ఏ సంవత్సరం బండి?

కొర్లగుంట కుర్రోడు (తిరుపతి)

అన్నలందరికీ నమస్తే. బంగారుపాళ్యం పక్కన ఒక పల్లెలో యమహా ఆర్‌ఎక్స్ ఒకటి అమ్మకానికి ఉండాదని తెలిసినోళ్ళు చెప్తే పోయి చూసొచ్చినా. అమ్మేది ఒక మామిడితోట రైతు. బండి వాళ్ళ అన్నదంట, ఆయన చనిపోయినాక షెడ్డులోనే ఉండిపోయిందంట. 92 మోడల్ ఆర్‌ఎక్స్ 100, జపాన్ ఇంజన్, కండ్లు మూసుకోని తీసుకోవచ్చు అంటా ఉండాడు. రేటు లక్షా పదివేలు చెప్పినాడు, కూర్చుని మాట్లాడితే రొంత దిగొస్తాడేమో.

నేను చూసిందంతా చెప్తా, మీరే చెప్పండి. ట్యాంక్ మీదా సైడ్ ప్యానెళ్ళ మీదా ఆర్‌ఎక్స్ 100 అనే ఉండాది కానీ ఆ స్టిక్కర్లు కొత్తవి, మెరుస్తా ఉండాయి. ట్యాంక్ కింద అంచు గోటితో గీకి చూస్తే నల్ల పెయింట్ కింద ఎర్ర పెయింట్ బయటపడింది. ముందూ వెనకా డ్రమ్ బ్రేకులే. కార్బొరేటర్ మీద మికునీ, జపాన్ అని ఉండాది, దాన్ని చూపించే జపాన్ ఇంజన్ అంటా ఉండాడు. కిక్ కొడితే వెంటనే పట్టుకునింది, సౌండ్ అయితే ప్రాణం లేచొచ్చినట్టు ఉండాది. ఊరి బయట మెయిన్ రోడ్డు దాకా తోలినా. నాలుగో గేరు తర్వాత ఇంగో గేరు పడింది. నాకు తెలిసి 100కి నాలుగే కదా? ఆయన్ని అడిగితే మెకానిక్ ఎవరో ఐదు గేర్ల సెట్ వేసినాడు, అది ఇంగా మంచిదే అన్నాడు.

నంబర్ ఏపీ 03, తర్వాత ఒకటే అక్షరం, తర్వాత నాలుగు అంకెలు. ఆర్‌సీ బుక్కు ఇంట్లో యాడో ఉండాది, వెతికి పెడతా అన్నాడు. ఇంజన్ నంబర్ ఉండే చోట గ్రీజూ మట్టీ గట్టిగా పట్టేసినాయి, ఏమీ కనబళ్ళేదు. వెనక టైరు మీద 2316 అని చదివినా, అది ఏమన్నా తయారైన సంవత్సరమా? స్పీడోమీటర్‌లో 38 వేలు ఉండాది.

మా నాయన పెండ్లికి ముందు ఆర్‌ఎక్స్ తోలినాడు, చిన్నప్పట్నుంచి ఆ కథలు విని పెరిగినోడిని. దీనికోసం డబ్బులు కూడబెట్టి పెట్టుకోనుండా. నిజంగా 100 అయితేనే కావాల. ఎట్లా కనుక్కోవాలో దయచేసి వివరంగా చెప్పండి.


గిరింపేట టూ స్ట్రోక్ (చిత్తూరు)

తమ్ముడూ, నీ అనుమానం నూటికి నూరుపాళ్ళు కరెక్టు. ఆర్‌ఎక్స్ 100కి కంపెనీ ఇచ్చింది నాలుగు గేర్లే, ఐదు గేర్ల 100 అనేది షోరూమ్ నుంచి ఎప్పుడూ రాలేదు.

ముందు సంవత్సరాలు బుర్రలో పెట్టుకో. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలోకి 1985 చివర్లో వచ్చింది. ఎస్కార్ట్స్ వాళ్ళు యమహాతో కలిసి తెచ్చినారు, మొదట్లో జపాన్ నుంచి సామాన్లు తెప్పించి ఈడ బిగించినారు, తర్వాత మెల్లగా అన్నీ ఈడే తయారు చేసుకున్నారు. 1996లో ఆపేసినారు, ఆ ఏడాది ఏప్రిల్ నుంచి పొగ రూల్స్ బిగిసినాయి కదా. ఆ తర్వాత వచ్చినవి 135లు, ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్ 135, ఆర్‌ఎక్స్‌జెడ్ అని, అందులోనే ఐదు గేర్లది కూడా. 135 కథ 2005లో ముగిసింది. కాబట్టి ఎవురన్నా 1999 మోడల్ ఆర్‌ఎక్స్ 100 అంటే ఆడే ఆగి ఆర్‌సీ అడగాల.

92లో జపాన్ ఇంజన్ అనేది అమ్మేవాళ్ళు చెప్పే మాట మాత్రమే. కార్బొరేటర్ మీద జపాన్ అని ఉంటే ఆ కార్బొరేటర్ జపాన్‌ది అని అర్థం, అంతే. రెండు బోల్టులు విప్పితే ఊడొచ్చే సామాను అది, ఏ బండి నుంచి ఏ బండికైనా పోతుంది.

నంబర్ ప్లేటు కూడా రొంత సాక్ష్యం చెప్తుంది. కొత్త మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చినాకనే మనకి ఈ ఏపీ 03 పద్ధతి. అంతకుముందు రిజిస్టర్ అయిన బండ్లకి ఏ తో మొదలయ్యే మూడక్షరాల నంబర్లు ఉండేవి, పాత స్కూటర్ల మీద ఇప్పటికీ చూడొచ్చు. నువ్వు చెప్పే ఒకటే అక్షరం సిరీస్ 90లకి బాగానే సరిపోతుంది, రెండక్షరాల సిరీస్‌లు తర్వాత వచ్చినాయి. అంటే ప్లేటు అబద్ధం చెప్పడంలేదు. అబద్ధం ఇంగెక్కడో ఉండాది.

ఆర్‌సీ దొరికితే నాలుగు గళ్ళు చూడు. తయారీదారు పేరు, తయారైన నెలా సంవత్సరం, సీసీ, చాసిస్ (బండి ఫ్రేము) ఇంజన్ నంబర్లు. సీసీ గడిలో 98 ఉంటే అది 100, 132 ఉంటే 135. తయారీదారు పేరు కూడా కాలాన్ని పట్టిస్తుంది. పాతవాటికి ఎస్కార్ట్స్ అని ఉంటుంది, 90ల మధ్యలో ఇద్దరూ కలిసి జాయింట్ కంపెనీ పెట్టుకున్నాక ఎస్కార్ట్స్ యమహా, 2001లో యమహా వాళ్ళే మొత్తం తీసుకున్నాక యమహా మోటార్ ఇండియా.

టైరు మీదది టైరు పుట్టిన తేదీ. 2316 అంటే 2016లో 23వ వారం. బండికీ దానికీ సంబంధం లేదు గానీ అంత పాత టైరు మీద మొగిలి ఘాట్ ఎక్కొద్దు, తీసుకుంటే ముందు టైర్లు మార్చు.


పలమనేరు మెకానిక్

పైన అన్న చెప్పింది కాగితం సంగతి, నేను ఇనుము సంగతి చెప్తా. ట్యాంకు, ప్యానెళ్ళు, స్టిక్కర్లు, మీటరు, సైలెన్సరు, ఇవన్నీ బజార్లో దొరుకుతాయి. 100 పేరుకి గిరాకీ ఉండాది, అందుకే 135కి 100 బట్టలు తొడిగి అమ్మేవాళ్ళు ఉండారు. మీటరు కిలోమీటర్లు అసలు లెక్కలోకే తీసుకోవద్దు. బండిలో మారనిది ఒకటే, గుద్దిన నంబరు.

చాసిస్ నంబరు హ్యాండిల్ కింద స్టీరింగ్ మెడ మీద ఉంటుంది, ఇంజన్ నంబరు క్రాంక్‌కేస్ మీద, అంటే ఇంజన్ కింది పెట్టె మీద. రెండూ ఎట్లా చూడాలో విను. పాత బనియన్ గుడ్డ కిరసనాయిల్లోనో డీజిల్లోనో ముంచి నానబెట్టి తుడువు, పళ్ళు తోముకునే పాత బ్రష్షు పెట్టి రుద్దు. ఉప్పుకాగితం మాత్రం పెట్టొద్దు, గీతలు పడితే రేపు ఆర్టీవో ఆఫీసులో నంబరు దిద్దినట్టు ఉండాదని నిన్నే నిలబెడతారు. శుభ్రమైనాక పల్చటి తెల్లకాగితం దాని మీద కదలకుండా పట్టుకొని పెన్సిల్ అడ్డంగా పెట్టి మెల్లగా రుద్దితే నంబరు కాగితం మీదికి వచ్చేస్తుంది. కంటికి కనబడని తేడాలు ఆ కాగితం మీద కనబడతాయి. కంపెనీ గుద్దింది అయితే అక్షరాలన్నీ ఒకే లోతు, ఒకే ఎడం. చేత్తో గుద్దినవైతే ఒకటి పైకి ఒకటి కిందికి, ఒకటి లోతు ఒకటి తేలిక. నంబరు చుట్టూ గ్రైండర్ పెట్టిన పల్లం ఉన్నా, మెడ దగ్గర వెల్డింగ్ గడ్డలు ఉన్నా, అక్కడ మాత్రమే పెయింట్ మందంగా ఉన్నా ఆ బండి వదిలేయ్, ఎంత అగ్గవగా ఇచ్చినా సరే.

ఇంగ గేర్ల సంగతి. 100 ఇంజన్ మీద 135 బ్లాకు, అంటే పిస్టన్ ఆడే సిలిండరు, కూర్చోబెట్టడం శానా కాలంగా జరుగుతా ఉండాది. రెండింటికీ స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 50 మిల్లీమీటర్లే, బోరు (సిలిండరు లోపలి వెడల్పు) మాత్రం 100కి 50, 135కి 58. అందుకే ఒకటి 98 సీసీ, ఇంగోటి 132. అట్లా బ్లాకు మారిస్తే పికప్ మారుతుంది కానీ గేర్లు పెరగవు. గేర్‌బాక్స్ క్రాంక్‌కేస్ లోపల ఉంటుంది, దాన్ని ముట్టుకోవాలంటే ఇంజన్ రెండు చెక్కలుగా విప్పాల. అంత పనికన్నా ఐదు గేర్ల ఇంజన్ మొత్తం తెచ్చి దించేయడం సులువు. నా లెక్క ప్రకారం నువ్వు చూసిన బండికి ఇంజన్ మొత్తం మారింది, లేదా బండి మొత్తం 135.

ఏది అనేది చాసిస్ నంబరే తేలుస్తుంది. బ్లాకు ఏదో తెలియాలంటే హెడ్ విప్పి వెర్నియర్ (కొలిచే పనిముట్టు) తో బోరు కొలవాల. అరిగిన బోరుని గీసి రీబోర్లు చేసి పావు మిల్లీ అరమిల్లీ చొప్పున పెంచుకుంటా పోయింటారు కాబట్టి సరిగ్గా 50 రాదు, 50 నుంచి 51 లోపల వస్తే 100 బ్లాకు, 58కి పైన వస్తే 135. నడుమ వేరే ఏమీ లేదు, కాబట్టి పొరబాటు పడే అవకాశం లేదు.


పాకాల పాలబండి

మధ్యలో వస్తా ఉండా, క్షమించండి. మా నాయన పాల క్యాన్లు కట్టుకోని తిరిగిన హీరో హోండా స్ప్లెండర్ మా ఇంట్లో ఉండాది. ఇంజన్ నంబరు 99ఎఫ్ అని మొదలవుతుంది, ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ మాత్రం 1999 సెప్టెంబర్. అది ఏ నెల బండి?


గిరింపేట టూ స్ట్రోక్ (చిత్తూరు)

అప్పటి హీరో హోండాలకి చదవడం సులువు. మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి ఇంగ్లీషు అక్షరం నెల, ఏ అంటే జనవరి, బీ అంటే ఫిబ్రవరి, అట్లా. మీది 1999 జూన్‌లో తయారై షోరూమ్‌లో ఉండి సెప్టెంబర్‌లో రిజిస్టర్ అయింది, అందులో తేడా ఏమీ లేదు. బండి వయసు అడిగితే తయారీ నెల చెప్పాల, ఆర్‌సీ గడువు మాత్రం రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్క. ఆ తర్వాత అన్ని కంపెనీలకీ 17 అక్షరాల చాసిస్ నంబర్లు వచ్చినాయి, అందులో మామూలుగా పదో అక్షరం సంవత్సరం. 1 అంటే 2001, 9 అంటే 2009, ఏ అంటే 2010. తమ్ముడు చూసిన ఆర్‌ఎక్స్ కాలానికి ఇది పనికిరాదు, దానికి ఆర్‌సీనే ఆధారం.

ఆ స్ప్లెండర్ అమ్మొద్దు సామీ. నాయన తోలిన బండి.


కొర్లగుంట కుర్రోడు (తిరుపతి)

అన్నలకి శానా థ్యాంక్స్. మళ్ళీ పోయొచ్చినా. ఆర్‌సీ బుక్కు దొరికింది, చెదలు అంచులు తినేసినాయి కానీ లోపల రాత బాగానే కనబడతా ఉండాది. తయారీదారు ఎస్కార్ట్స్. సీసీ 98. తయారీ 1993 ఆగస్టు, రిజిస్ట్రేషన్ అదే ఏడాది అక్టోబర్. పదిహేనేళ్ళయినాక 2008లో ఒకసారి, 2013లో ఒకసారి రెన్యువల్ చేయించినారు, 2018లో గడువు అయిపోయింది, ఆ తర్వాత చేయించలేదు.

మెకానిక్ అన్న చెప్పినట్టే డీజిల్ గుడ్డతో తుడిచి పెన్సిల్ రుద్దినా. చాసిస్ నంబరు అక్షరం అక్షరం ఆర్‌సీతో కలిసింది, అన్నీ ఒకే లోతు, చుట్టూ ఏ గ్రైండింగ్ లేదు. ఆ కాగితం మీద నంబరు మెల్లగా పైకి తేలతా ఉంటే నా చెయ్యి వణికింది. ఇంజన్ నంబరు మాత్రం ఆర్‌సీతో అసలు కలవడంలేదు, మొదటి అక్షరాల నుంచే వేరే.

అంటే బండి 1993 ఆర్‌ఎక్స్ 100, ఇంజన్ మాత్రం 135ది. అంతేనా అన్నా? తీసుకోవచ్చా వద్దా?


ఫారం నంబర్ ముప్పై (తిరుపతి)

ఆర్టీవో పనులు రోజూ చూసేవాడిని, మీరు ఇప్పుడు ఆగి వినాల్సింది నా మాట.

మోడల్ తేలిపోయింది, చట్టం దృష్టిలో బండి అంటే చాసిస్సే. 1993 ఆర్‌ఎక్స్ 100 అని ధైర్యంగా చెప్పుకోవచ్చు. కానీ ఇంజన్ మార్చినప్పుడు ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉన్నది ఇలాంటి మార్పుల కోసమే. ఇక్కడ ఎక్కించలేదు, పైగా 98 సీసీ రాసున్న బండిలో 132 సీసీ ఇంజన్ ఉంది. రెన్యువల్‌కి ఫారం 25 పెడితే బండిని ఆఫీసుకి తీసుకెళ్ళి చూపించాలి, ఇన్‌స్పెక్టర్ ముందుగా చూసేది రెండు నంబర్లే. అక్కడే ఆగిపోతుంది.

అంతకన్నా పెద్ద ప్రశ్న, ఆ 135 ఇంజన్ ఏ బండిది? బిల్లు ఉందా? దొంగ బండి నుంచి ఊడదీసిన ఇంజన్ అయితే రేపు పోలీసులు ఆపినప్పుడు సమాధానం చెప్పాల్సింది మీరే, రైతు కాదు. ఆయన మంచివాడే కావచ్చు, ఆయనకి తెలియకనే ఉండొచ్చు, అయినా సరే.

ఇంకోటి, ఎవరూ అడగలేదు. బండి వాళ్ళ అన్న పేరు మీద ఉంది, ఆయన లేరు. అమ్మే తమ్ముడికి సంతకం పెట్టే హక్కు ఇంకా రాలేదు. ముందు వారసుల పేరు మీదికి ఫారం 31తో మారాలి, దానికి మరణ ధ్రువీకరణ పత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కావాలి. చనిపోయిన ఆయనకి భార్యాపిల్లలు ఉంటే వాళ్ళ ఒప్పుకోలు ముఖ్యం. అది అయ్యాకే మీ పేరు మీదికి 29, 30 ఫారాలు. పాత తేదీ వేసి చనిపోయినాయన సంతకం ఉన్న ఫారాలు ఇస్తామని ఎవరైనా ఏజెంట్ చెప్తే వెంటనే లేచి వచ్చేయండి.

ఈ పని అయ్యేదాకా అడ్వాన్స్ తప్ప పూర్తి డబ్బు ఇవ్వొద్దు. అడ్వాన్స్‌కి కూడా కాగితం రాయించుకోండి, అందులో చాసిస్ నంబరు వేయించండి.


భాకరాపేట ఘాట్ రైడర్

నేనైతే 135 ఇంజన్‌తోనే ఉంచుకుంటా అన్నా. ఐదు గేర్లతో ఘాట్ ఎక్కితే ఆ సుఖమే వేరు, ఇద్దరు కూర్చున్నా ఊపిరాడకుండా పోదు. నంబరు ఎవురు చూస్తారు, ఊర్లో అందరూ అట్లానే తిప్పతా ఉండారు.


పలమనేరు మెకానిక్

ఘాట్ రైడర్ తమ్ముడూ, తోలడానికి 135 మంచి బండే, నేను కాదన్ను. ఐదు గేర్ల 135 కావాలంటే అసలైన 135 కాగితాలతో సహా తీసుకో. 100 చాసిస్‌లో ఉంచి 100 రేటు కట్టడం ఏం న్యాయం?

కొర్లగుంట తమ్ముడూ, ఒక్కటి అడిగి చూడు. పల్లెల్లో ఇంజన్ మార్చినప్పుడు పాతది పారెయ్యరు, ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాదని మూల వేస్తారు. షెడ్డులో వెతకమను. అది దొరికితే బండి కథే మారిపోతుంది.

దొరక్కపోతే మాత్రం, ఖాళీ క్రాంక్‌కేస్ తెచ్చి ఆర్‌సీ నంబరు గుద్దిస్తాం అనేవాళ్ళు ఉంటారు, వాళ్ళ జోలికి పోవద్దు. అది నేరం. చక్కటి ఒరిజినల్ చాసిస్ ఉన్న బండిని నువ్వే చేతులారా దొంగ బండి చేసినట్టు అవుతుంది.


కొర్లగుంట కుర్రోడు (తిరుపతి)

అన్నా దొరికింది!! మామిడికాయల క్రేట్ల వెనక యూరియా గోతాంలో కట్టి పెట్టినారు. రైతుకి కూడా గుర్తులేదు, వాళ్ళ వదిన చెప్పింది. పిస్టన్ పట్టేసింది, కిక్ రాడ్ కదలడంలేదు, హెడ్ రెక్కలు రెండు విరిగినాయి, మాగ్నెట్ వైపు మూత లేదు. కానీ క్రాంక్‌కేస్ మీద నంబరు రుద్ది చూస్తే ఆర్‌సీలో ఉండేదే! చివరి అంకె దాకా అదే. నంబరు చుట్టూ కంపెనీ పోత గరుకు అట్లనే ఉండాది.

రేటు 85 వేలకి దిగినాడు, రెండు ఇంజన్లూ కలిపి. వాళ్ళ వదిన పేరు మీదికి బండి మార్చి ఆమె చేతనే సంతకం పెట్టిస్తానని ఒప్పుకున్నాడు. 135 ఇంజన్ వద్దు, అది మీరే పెట్టుకోండి అనాలా, తీసుకోవాలా?


ఫారం నంబర్ ముప్పై (తిరుపతి)

బిల్లు లేకపోతే తీసుకోవద్దు, రేటులో తగ్గించుకోండి. వదిన గారి పేరు మీదికి మారడం అన్నిటికన్నా మంచి పరిష్కారం, ఆమెకి రావాల్సిన డబ్బు ఆమె చేతికే వెళ్ళేలా చూడండి. రెన్యువల్‌కి వెళ్ళే ముందే పాత ఇంజన్ బండికి ఎక్కించాలి, తర్వాత కాదు.


పలమనేరు మెకానిక్

తమ్ముడూ, శానా సంతోషం. ఇప్పుడు తొందరపడి ఆ పట్టేసిన ఇంజన్‌కి కిక్ మీద నిలబడి తొక్కొద్దు, పైపు తగిలించి తిప్పొద్దు. ప్లగ్ తీసి ఆ రంధ్రంలో డీజిలూ ఇంజన్ ఆయిలూ సగం సగం పోసి కొన్నాళ్ళు అట్లనే వదిలేయ్, మళ్ళీ ప్లగ్ బిగించి పెట్టు, దుమ్ము పోకుండా. బ్లాకు పోతే పోయింది, హెడ్ పోతే పోయింది, అవి దొరుకుతాయి. నంబరున్న క్రాంక్‌కేస్‌కి పగులు రాకూడదు, అంతే. తెచ్చేటప్పుడు గోతాంలో విసిరెయ్యకుండా పాత టైరులో కూర్చోబెట్టి కట్టి తీసుకురా. విప్పినాక బోరు కొలుద్దాం. పాత బోరు 51 దాటకపోతే ఇంగో సైజుకి పోయే వీలు ఉండాదా లేదా చూసి పిస్టన్ తెప్పిద్దాం, దాటిపోయింటే కొత్త స్లీవ్ (సిలిండరు లోపలి గొట్టం) వేసి మళ్ళీ 50కి తెస్తాం. బేరింగులు, ఆయిల్ సీళ్ళు, కనెక్టింగ్ రాడ్ ఎట్లాగూ మార్చాల్సిందే, ఆ ఖర్చు ఇప్పట్నుంచే పక్కన పెట్టుకో.